మూడూళ్ళకు ఒకటే సీడీ

సూర్యాపేట బస్టాండు వెనక సందులో నేను కంప్యూటర్లు బాగుచేసే షాపు పెట్టిన కొత్తలో, ఒక సిస్టమ్‌లో విండోస్ ఎక్స్‌పీ ఎక్కించాలంటే ముప్పావు గంట పట్టేది. నా సీడీతో పద్దెనిమిది నిమిషాల్లో అయిపోయేది. ఆ మిగిలిన నిమిషాలన్నీ నా తెలివి అనుకునేవాణ్ణి.

మా దగ్గరికి వచ్చే సిస్టములు చాలావరకు హైదరాబాదులో ఆఫీసులు వాడి పక్కన పడేసినవి. ర్యామ్ తక్కువ, డిస్కు చిన్నది. వాటి మీద మొత్తం ఎక్స్‌పీ ఎక్కిస్తే, బటన్ నొక్కి, పోయి చాయ్ తాగి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. అప్పుడు నాకొక సాఫ్ట్‌వేర్ దొరికింది. అది ఒరిజినల్ సీడీలో ఉన్నవన్నీ జాబితాగా చూపిస్తుంది. ఏది అక్కర్లేదో దాని పక్కన టిక్కు పెడితే, దాన్ని కోసేసి, మిగిలినదాంతో కొత్త సీడీ తయారుచేస్తుంది.

ఆ జాబితా నాకు బాగా నచ్చింది. పనికిరాని వస్తువు కంటపడితే నాకు చిరాకు. ఇంట్లో కూడా నేను అటక ఎక్కానంటే మా ఆవిడ కింద నిలబడి కాపలా కాస్తుంది. ఆటలు తీసేశాను. మన దగ్గర ఎవరూ మాట్లాడని భాషలు తీసేశాను. ఎవరింట్లోనూ లేని ప్రింటర్లకు సంబంధించినవి తీసేశాను. హెల్ప్ అని ఒకటుంటుంది, సాయం కావాలంటే ఎలాగూ నా దగ్గరికే వస్తారని దాన్నీ తీసేశాను. ఆ వరసలోనే డిస్క్ మేనేజ్‌మెంట్ కూడా.

దాన్ని తీసేయడానికి మాత్రం ఒక కారణం ఉంది. చివ్వెంల వెళ్ళే దారిలో ఎరువుల షాపాయన ఒకరుండేవారు. ఆయన ఒక మధ్యాహ్నం బేరాల్లేక కూర్చుని, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, డీ డ్రైవ్ అని ఉన్న డబ్బా మీద రైట్ క్లిక్ చేసి, డిలీట్ అని కనిపిస్తే నొక్కారు. డ్రైవ్ మొత్తం పోయింది. ఎందుకు నొక్కారని అడిగితే, "ఉన్నదని నొక్కిన" అన్నారు. లేకపోతే నొక్కరు కదా అనుకున్నాను. సిస్టమ్‌కు తగిలించిన డిస్కులేవో, వాటిలో ఏ భాగానికి ఏ అక్షరమో చూసుకునే చోటు అది. డిస్కును భాగాలు చేసే పని నేను ఎక్స్‌పీ ఎక్కించేటప్పుడే చేసేవాణ్ణి కనుక నాకు దానితో అవసరం పడలేదు. నాకు అవసరం పడనిది ఇంకెవరికి పడుతుంది? చూపించే కిటికీతో పాటు, దాని వెనక నడిచే సర్వీసుకు కూడా టిక్కు పెట్టేశాను.

సీడీ పేరు పాకింది. మిర్యాలగూడలో షాపున్న ఒకాయన బస్సెక్కి వచ్చి ఒక కాపీ కొట్టించుకుపోయాడు. కోదాడలో ఇంకొకాయన ఆయన దగ్గర కొట్టించుకున్నాడు. వాళ్ళు దాన్ని మా ఊరి పేరున పేట సీడీ అనేవాళ్ళు. నేను ఆ ఊళ్ళకు వెళ్తే చాయ్ తాగించనిదే పంపేవాళ్ళు కాదు, ఆ మర్యాద నాకు బాగానే ఉండేది.

ఒరిజినల్ సీడీ ఏమైందో కూడా చెప్పాలి. తుంగతుర్తి దగ్గర మా మామ జొన్నచేను వేశాడు. పిట్టలు రాకుండా దారాలకు కట్టడానికి పాత సీడీలు కావాలన్నాడు. గీతలు పడ్డవి తీసుకుపొమ్మన్నాను. ఆయన మెరిసేవి చూసి తీసుకుపోయాడు. అందులో అదీ పోయింది. నేను పెద్దగా బాధపడలేదు, నా దగ్గర అంతకంటే మంచిది ఉంది కదా.

రెండు వేల ఎనిమిది తొలకరిలో ఒక సారు నా షాపుకు వచ్చారు. మాడుగులపల్లి దగ్గర ఒక ఊరు ఆయనది, స్కూల్లో తెలుగు చెబుతారు. వయసు నలభై అయిదు ఉంటుంది. సంచిలోంచి తువ్వాల మూట తీసి, విప్పి, హార్డ్ డిస్కు బల్ల మీద పెట్టారు. ఇంటి మీద పిడుగు పడి సిస్టమ్ కాలిపోయిందట, డిస్కు ఒక్కటి మిగిలిందట.

"మిర్యాలగూడల చూపెట్టిన తమ్మీ, పోయిందన్నరు. కోదాడల చూపెట్టిన, ఆళ్ళు గూడ గదే అన్నరు. పేటల నిన్నొకసారి అడుగుమన్నరు. ఈ పని నీకంటె ఎక్కువ తెలిసినోళ్ళు లేరంట."

ఇలాంటి మాట విన్నాక మనిషి బుర్ర సరిగ్గా పనిచేయదు. డిస్కును నా సిస్టమ్‌కు తగిలించాను. తిరిగింది. చప్పుడు శుభ్రంగా ఉంది. మొదట వచ్చే నల్ల తెర మీద తన పేరు, సైజు చెప్పింది. ఎక్స్‌పీ తెరుచుకున్నాక మాత్రం మై కంప్యూటర్‌లో నా డ్రైవులు తప్ప ఇంకేమీ లేవు. బతికే ఉంది, పేరు చెబుతోంది, లోపల మాత్రం కనిపించడం లేదు. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. ఆగలేదు. మొత్తం నాలుగు నిమిషాలు చూసి ఉంటాను.

"పోయింది సార్."

"తిరుగుతుంది గద తమ్మీ."

"తిరుగుతది సార్. లోపల ఏం లేదు. ముగ్గురం ఒక్కటే మాట చెప్తున్నమంటే ఇగ నమ్మాలె."

ముగ్గురమూ చూసింది ఒకే జత కళ్ళద్దాల్లోంచి అని నాకు తట్టలేదు.

"కావాల్నంటె ఫార్మాట్ కొట్టిస్త సార్, అంత తుడిచిపోతది, ఖాళీది వాడుకోవచ్చు" అన్నాను.

"పోయినదాన్ని ఎట్ల వాడుకుంట?" అన్నారాయన. అది మంచి ప్రశ్న. "మిర్యాలగూడల గూడ ఫార్మాట్ అన్నరు. వద్దు తమ్మీ, గట్లనే ఉండనియ్" అని డిస్కును మళ్ళీ తువ్వాలలో చుట్టుకున్నారు.

అందులో ఏముందని అప్పుడు అడిగాను. ముందే అడగాల్సింది, కానీ మా పనిలో ఎవరూ అడగరు. సారు వాళ్ళది గొర్రెలు కాసిన ఇల్లు. నాయిన వయసంతా మందతోనే గడిచింది. ఆయన నోట వచ్చే మాటలు సారు ఆరేళ్ళుగా సెలవుల్లో కూర్చుని రాసుకుని, సిస్టమ్‌లో టైపు చేసుకుంటూ వచ్చారు. రంగును బట్టి, చెవిని బట్టి, కొమ్మును బట్టి గొర్రెకు ఏం పేరు, ఏ రోగానికి ఏ ఆకు, మందను మలపడానికి ఏం కూత, ఏ గుట్ట కింద ఏ నెలలో మేత, అన్నీ. టైపు చేసిన కాగితమల్లా చించేశారు, సిస్టమ్‌లో ఉంది కదా అని. అప్పటికి ఆరు నెలల కిందట, చలికాలంలో, నాయినకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. మనిషికి అంతా తెలుసు, వింటాడు, చెప్పలేడు.

"పుస్తకం ఏద్దామనుకున్న. నాయిన ఉండంగనే ఆయనకు సదివి వినిపియ్యాల్నని" అన్నారు సారు. ఆ మాట ఆయన మామూలుగానే చెప్పారు. నాకే ఎటు చూడాలో తెలియలేదు. అయ్యో అన్నాను, బస్సు టైము చెప్పాను.

రెండు నెలల తర్వాత ఆయన మళ్ళీ వచ్చారు. స్కూలు పరీక్ష పేపర్లు తయారుచేసుకోవడానికి పాత సిస్టమ్ ఒకటి కావాలన్నారు. ఇచ్చాను, అందులోనూ పేట సీడీయే ఎక్కించాను. మాటలు మళ్ళీ రాస్తున్నారా అని అడిగాను.

"కాయితం మీద రాస్తున్న. ఇగ మిషన్ మీద నమ్మకం లేదు. నాకు యాదికున్న మాట నేనంట, నాయిన తలకాయ ఊపుతడు. అవునంటె టిక్కు పెడుత. నూట నలభై దాక అయినయి."

"పర్వాలేదు సార్, వస్తున్నయి గద."

"నాకు యాదికున్నయి వస్తున్నయి. యాదికి లేని మాట నేనెట్ల అడుగుత తమ్మీ?"

ఆ ప్రశ్న నాతో పాటు చాలా రోజులు షాపులోనే కూర్చుంది.

దసరా అయ్యాక కోదాడలో ఒక కంప్యూటర్ సెంటరుకు కొత్త సిస్టములు బిగించడానికి వెళ్ళాను. ఆ సెంటరు నడిపేది ఒక మేడం. నేను సంచిలోంచి పేట సీడీ తీయగానే చెయ్యి అడ్డం పెట్టారు.

"మీ సీడీ వద్దండీ. అందులో ఆటలుండవు."

"నేర్చుకునేటోళ్ళకు ఆటలెందుకు మేడం?"

"పేకాట లేకుండా మౌసు పట్టుకోవడం ఎలా నేర్పమంటారండీ? ముక్క లాగి ముక్క మీద పెట్టడం వస్తేనే తర్వాత ఫైలు లాగడం వస్తుంది." ఆవిడ బీరువా తాళం తీసి, గుడ్డసంచిలోంచి ఒరిజినల్ సీడీ తీసి ఇచ్చారు. మొత్తం ఉన్నది. మూడూళ్ళలో అది ఒక్కటే మిగిలినట్టుంది, అదీ పేకాట పుణ్యాన.

ఆవిడ దగ్గర పాత సిస్టమ్‌లోంచి తీసిన డిస్కు ఒకటుంది, దాన్ని కూడా కొత్తదానికి తగిలించమన్నారు. తగిలించాను. తిరిగింది. పేరు చెప్పింది. మై కంప్యూటర్‌లో కనిపించలేదు.

"ఇది పోయింది మేడం" అన్నాను, అలవాటుగా.

"అప్పుడే పోయిందంటారేంటండీ. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూశారా?"

"అది ఉండదు మేడం."

"మీదాంట్లో ఉండదేమో."

ఆవిడ నిలబడే మౌసు అందుకుని నాలుగు క్లిక్కులు చేశారు. నేను చాలా ఏళ్ళుగా చూడని ఆ కిటికీ తెరుచుకుంది. అందులో రెండో డిస్కు ఉంది. దాని పక్కన ఫారిన్ అని రాసి ఉంది.

"దీన్ని భాగాలు చేసినవాళ్ళు డైనమిక్ అనే పద్ధతిలో చేశారండీ. అలాంటిది వేరే సిస్టమ్‌కు పెడితే పరాయిదంటుంది. మనదేనని మనం ఒప్పుకుంటే సరి." ఆవిడ ఇంపోర్ట్ అని నొక్కారు. డ్రైవ్ వచ్చింది, ఫోల్డర్లు వచ్చాయి. "ఇది మా మూడో వారం పాఠమండీ" అన్నారు, ఎత్తిపొడుపేమీ లేకుండా.

సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరిమీద పెట్టుకోవాలో తెలియక కాసేపు మేడం మీద పెట్టుకున్నాను. తర్వాత తువ్వాల మూట గుర్తొచ్చింది. సారు డిస్కు కూడా సరిగ్గా ఇలాగే తిరిగింది, ఇలాగే పేరు చెప్పింది. మూడూళ్ళు తిరిగి ఆయన మూడుసార్లు అడిగింది నన్నే, మూడుసార్లు పోయిందని చెప్పిందీ నేనే. ఆ సీడీ కొన్ని రోజులు ఇస్తారా అని మేడంను అడిగాను. "ఏమీ కొయ్యకుండా తెచ్చివ్వండి" అన్నారు.

తర్వాత నేను చేసినవి ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ వాటి జోలికి రాను. పేట సీడీలో డిస్క్ మేనేజ్‌మెంట్ తిరిగి పెట్టి, మిగిలిన రెండు ఊళ్ళకూ కొత్త కాపీలు ఇచ్చి వచ్చాను. "సీడీ జర బరువెక్కినట్టుందే అన్నా" అన్నాడు మిర్యాలగూడ ఆయన. షాపు ముందు అట్టముక్క మీద రాసి పెట్టాను: ఇక్కడ పోయిందని చెప్పిన డిస్కులు మళ్ళీ తీసుకురాగలరు. నలుగురు తెచ్చారు. రెండింటిలోంచి తీసి ఇవ్వగలిగాను. మిగతా రెండూ నేనే ఫార్మాట్ కొట్టి ఇచ్చినవి. వాళ్ళు నన్నేమీ అనలేదు, ఎందుకంటే నేను వాళ్ళకు పూర్తిగా చెప్పలేదు. అది ఇప్పటికీ నాకు ముల్లే.

మేడం సీడీ తీసుకున్న మరుసటి రోజు పొద్దున మిర్యాలగూడ బస్సెక్కి, అక్కడి నుంచి నల్లగొండ బస్సులో మాడుగులపల్లి దిగి, ఆటోలో సారు ఊరికి వెళ్ళాను. ఆదివారం, ఆయన ఇంట్లోనే ఉన్నారు. వాకిట్లో మంచం మీద ఆయన నాయిన, కాళ్ళ మీద గొంగడి. దొడ్లో రెండే గొర్రెలున్నాయి, మిగతా మందను అమ్మేశారట. గదిలో బల్ల మీద సారు రాస్తున్న కాగితాల దొంతర, అవి ఫ్యాను గాలికి ఎగరకుండా పైన బరువుగా హార్డ్ డిస్కు.

దాన్ని చూడగానే నాకు ఊపిరి ఆడింది. "కొత్త సీడీ దొరికింది సార్, ఇంకొకసారి చూస్త" అన్నాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు.

నేనిచ్చిన సిస్టమ్‌లో మొత్తం ఎక్స్‌పీని మళ్ళీ ఎక్కిస్తే ముప్పావు గంట పని. కానీ ఆయన పరీక్ష పేపర్లన్నీ అందులో ఉన్నాయి, పైగా ఆ ఇంట్లో ఫార్మాట్ అనే మాట ఎత్తే ధైర్యం నాకు లేదు. అందుకని డిస్కును దానికి తగిలించి, నేను తీసేసినవాటినే వెతికి తిరిగి పెట్టడం మొదలుపెట్టాను. తీసేటప్పుడు ఒక్క టిక్కు. పెట్టేటప్పుడు ఒక్కో ఫైలూ సీడీలోంచి లాగి దాని చోట దాన్ని పెట్టాలి. పెడితే సరిపోదు, ఇది కూడా ఇక్కడ పనిచేస్తుందని సిస్టమ్ తన లోపలి రిజిస్టర్లో రాసుకోవాలి. రాశాక సిస్టమ్ ఆపి తెరిస్తే ఇంకోటి లేదని చెబుతుంది. ఆ ఇంకోటి పెడితే మరోటి. నేనెంత కోశానో నాకు ఆ రోజే తెలిసింది.

పదకొండుకు కరెంటు పోయింది. రెండింటికి గానీ రాదన్నారు. వాకిట్లోకి వచ్చి కూర్చున్నాం. సారు కాగితాలు, పెన్సిలు తెచ్చుకుని మంచం పక్కన స్టూలు వేసుకున్నారు.

"నాయినా, మొకం మీద తెల్ల మచ్చ ఉన్నదాన్ని బొల్లిది అంటుంటివి గద?"

ముసలాయన తల కిందికి వంచి ఎత్తాడు. సారు టిక్కు పెట్టారు.

"చిటుకు రోగానికి నూరిపోసేది తంగేడాకేనా?"

తల అటూ ఇటూ తిప్పాడు.

"మరి ఏంది? యాపాకా?"

మళ్ళీ అటూ ఇటూ. సారు ఇంకో మూడు ఆకుల పేర్లు చెప్పారు. మూడింటికీ కాదన్నాడు. సారు ఆ గీత ఖాళీగా వదిలేసి కిందికి వచ్చారు.

"మంద ఎటన్న పోతుంటె మలపనీకి నాలుకతోని ఒక సప్పుడు చేస్తుంటివి. గిట్లనా?" అని నాలుకతో చప్పుడు చేశారు. కాదు. ఇంకోలా చేశారు. కాదు. నాలుగోసారికి ముసలాయన కళ్ళు మూసుకున్నాడు.

"అలిసిపోయిండు. రేపు అడుగుత" అన్నారు సారు నాతో. నాలుగు నెలల నుంచి ప్రతిరోజూ ఇంతేనట. నేను చేతులు తొడల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. నాకు ఏడుపు వచ్చింది, గట్టిగా దగ్గి ఆపుకున్నాను.

కరెంటు రెండున్నరకు వచ్చింది. మూడున్నరకు ఆ కిటికీ తెరుచుకుంది. రెండో డిస్కు ఉంది, పక్కన ఫారిన్ అని ఉంది. ఇంపోర్ట్ నొక్కాను. చిన్న ఇసుక గడియారం గుర్తు తిరిగి తిరిగి ఆగింది. డ్రైవ్ వచ్చింది. అందులో సారు ఫోల్డరు, దానిలో ఫైలు. తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు కనిపించాయి. సారు ముఖం పాలిపోయింది. అది అక్షరాల ఫాంటు లేక వచ్చిన చిక్కే. పాత డిస్కులోంచే ఫాంటు తెచ్చి పెట్టాను. గుర్తులన్నీ ఒక్కసారిగా తెలుగయ్యాయి.

సారు కుర్చీలో కూర్చోలేదు. నిలబడే పేజీలు కిందికి జరుపుతూ వెతికారు. ఒకచోట ఆగి, పెదవులు కదుపుతూ చదువుకుని, వాకిట్లోకి నడిచారు. నేనూ వెళ్ళాను.

"నాయినా, నాలుకను పై పండ్ల ఎనక ఆనిచ్చి రెండు సార్లు, ఎంటనే ఊపిరి లోపలికి తీసుకుంట ఒకసారి. నువ్వు చెప్తె నేనే రాసుకున్న" అని ఆ చప్పుడు చేశారు.

దొడ్లో రెండు గొర్రెలూ తలెత్తి ఇటు తిరిగాయి.

ముసలాయన కొడుకు వంక చూశాడు. ఎడంచెయ్యి మంచంపట్టె మీద కదిలింది. అవునని తల ఊపలేదు. అడిగింది కాదు కదా అది, ఆయన మాట ఆయనకు వినిపించింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. సారు గొంగడి అంచుతో తుడిచారు. తర్వాత నా వైపు తిరిగారు.

"తమ్మీ, ఈ సీడీ తొలకరికి లేకుండెనా?"

అవునని అంటే అయిపోయేది. చాయ్ కూడా తాగేవాణ్ణి.

"సీడీ కాదు సార్. డిస్కును చూపెట్టేది ఒకటుంటది. అది నేనే తీసేసిన. మూడూళ్ళల్ల ఉన్నది నా సీడీనే. మీ డిస్కు ఎన్నడూ పోలేదు."

"ఎందుకు తీసేసినవ్?"

"ఎవలికి పనికొస్తది లే అనుకున్న."

సారు తిడతారేమోనని చూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన మంచం మీదికి వంగి, రోజూ మాటలు అడిగే గొంతుతోనే అడిగారు.

"నాయినా, ఈ పిలగాడు ఎవలికీ పనికిరాదని తీసి పారేసిండంట. ఇయ్యాల తనే తెచ్చి పెట్టిండు. ఇన్నవా?"

ముసలాయన నన్ను చూశాడు. తొందరేమీ లేకుండా చూశాడు. తర్వాత తల కిందికి వంచి, ఎత్తాడు.

సారు అలవాటుగా చెవి మీది పెన్సిలు తీసి, టిక్కు పెట్టడానికి కాగితం కోసం చూసుకున్నారు.